కాలేజీ హోంవర్క్ సర్వర్‌కు ల్యాబ్‌లో ఉన్న డెస్క్‌టాప్ సరిపోతుందా?

మాస్టారూ, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. విజయనగరంలో డిగ్రీ కాలేజీలో గణితం చెబుతున్నారు. మొదటి, రెండో సంవత్సరం కలిపి దాదాపు మూడు వందల మంది పిల్లలు. కాగితం మీద హోంవర్క్ ఇస్తే ఒకరిది చూసి పదిమంది ఎక్కించేస్తున్నారు, అన్నీ దిద్దడానికి మీకు టైం చాలడం లేదు. అందుకని వెబ్‌వర్క్ (గణితం హోంవర్క్ ఇచ్చి, దానంతట అదే దిద్దే సాఫ్ట్‌వేర్) పెట్టాలనుకుంటున్నారు. ల్యాబ్‌లో ఖాళీగా ఉన్న 8 జీబీ ర్యామ్ డెస్క్‌టాప్ ఒకటి ఇస్తామని ప్రిన్సిపాల్ గారు అన్నారు. దానిమీద ఉబుంటు (లైనక్స్ రకం ఆపరేటింగ్ సిస్టం) ఎక్కించి కాలేజీ ఇంటర్నెట్‌కు తగిలిస్తే పని అయిపోతుందా అని అడిగారు.

మీరు లైనక్స్ నేర్చుకోవడానికి ఆ డెస్క్‌టాప్ చాలా మంచిది, వదులుకోవద్దు. కానీ మూడు వందల మంది మార్కులు మాత్రం దానిమీద పెట్టకండి. అసలు సర్వర్ అద్దెకు తీసుకోండి. శ్రీకాకుళం వైపు కాలేజీ సర్వర్లు చాలా ఏళ్లుగా చూసుకుంటున్నవాడిగా ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. ఇన్‌స్టాల్ చేయడం ఒక శనివారంలో అయిపోయే పని. ఆ సర్వర్ గడువు రోజు రాత్రి పదకొండు గంటలకు నిలబడుతుందా లేదా అన్నదాని చుట్టూ మిగతా నిర్ణయాలన్నీ తిరగాలి.

ఆ డెస్క్‌టాప్ ఎందుకు వద్దో ముందు చెబుతాను. మీ పిల్లలు హోంవర్క్ తెరిచేది రాత్రి ఎనిమిది దాటాక. సాయంత్రం ఐదున్నరకు అటెండర్ ల్యాబ్ మెయిన్ దించి, తాళం వేసుకుని వెళ్తాడు. అలా వెళ్లడమే సరైనది, రాత్రి ఏదైనా కాలితే మాట పడేది అతనే. ఆ ఒక్క కంప్యూటర్‌కు విడిగా లైను లాగించి యూపీఎస్ పెట్టించినా, ల్యాబుల్లో ఉండే చిన్న యూపీఎస్ పది పదిహేను నిమిషాలు ఆగుతుంది, బ్యాటరీ పాతదైతే అదీ ఉండదు. గాలివానకు గంట కరెంటు పోతే సర్వర్ పడిపోయినట్టే. అలా మాటిమాటికీ ఆగి లేస్తుంటే డేటాబేస్ చాలాసార్లు తేరుకుంటుంది కానీ పాత హార్డ్‌డిస్క్ తేరుకోదు.

రెండోది ఇంటర్నెట్ సంగతి. చాలా బ్రాడ్‌బ్యాండ్ కనెక్షన్లలో మీ రౌటర్‌కు సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటివాళ్లు చేరగలిగే ఇంటర్నెట్ అడ్రసు, ఉండదు, ఒకే ఐపీ వెనక ఎంతోమంది ఉంటారు. రౌటర్ సెట్టింగుల్లో వాన్ ఐపీ (బయటి వైపు అడ్రసు) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే బయటి నుంచి మీ కంప్యూటర్‌కు ఎవరూ నేరుగా రాలేరు, ఏ పోర్టు తెరిచినా సరే. స్టాటిక్ ఐపీకి (మారని సొంత అడ్రసుకు) విడిగా డబ్బు కట్టాలి. టన్నెల్ లాంటి ఉపాయాలు ఉన్నాయి కానీ, లైనక్స్ కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకు పగలగొట్టుకోవడానికి ఇంకో చోటు దొరకడం తప్ప వాటివల్ల లాభం లేదు.

మూడోది, అక్టోబర్ మన జిల్లాలకు ఎలాంటి నెలో మీకు నేను చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటితే ఉద్దానం ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. సర్వర్ ముంబైలోనో హైదరాబాద్‌లోనో డేటా సెంటర్‌లో ఉంటే, మన దగ్గర స్తంభాలు పడిపోయినా పిల్లల మార్కులు భద్రంగా ఉంటాయి. మీరు ఎవరి ఫోన్ హాట్‌స్పాట్ నుంచైనా లాగిన్ అయి, అందరికీ గడువు వారం పొడిగించేయవచ్చు. రెండు నిమిషాల పని. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజే ఆ పని చేసేయండి, పిల్లలు అడిగేదాకా ఆగొద్దు.

అద్దె సర్వర్ అంటే వీపీఎస్, డేటా సెంటర్‌లో ఉన్న పెద్ద కంప్యూటర్‌లో మనకు విడిగా ఇచ్చే భాగం. మన దేశంలో డేటా సెంటర్ ఉన్న కంపెనీ ఏదైనా ఫరవాలేదు. మీ సంఖ్యకు 4 కోర్లు (ప్రాసెసర్ భాగాలు), 8 జీబీ ర్యామ్, 80 జీబీ ఎస్ఎస్‌డీ తీసుకోండి. కంపెనీని బట్టి నెలకు రెండు వేల నుంచి నాలుగైదు వేల దాకా అవుతుంది. ఉచితంగా ఇచ్చే 1 జీబీ సర్వర్లతో మొదలుపెట్టమని ఎవరైనా సలహా ఇస్తారు, వినకండి. ఎందుకో లెక్క వేసి చూపిస్తాను, గణితం మాస్టారు కాబట్టి మీకు నచ్చుతుంది.

వెబ్‌వర్క్ పెర్ల్ భాషలో రాసిన సాఫ్ట్‌వేర్. అమెరికాలో రోచెస్టర్ యూనివర్సిటీ గణితం ప్రొఫెసర్లు మైకేల్ గేజ్, ఆర్నాల్డ్ పైజర్ 1990ల మధ్యలో మొదలుపెట్టారు. తర్వాత మ్యాథమెటికల్ అసోసియేషన్ ఆఫ్ అమెరికా అండగా నిలిచింది. ఇప్పటికీ పూర్తిగా ఉచితం, సోర్సు కూడా అందరికీ అందుబాటులో ఉంది. అందులో ప్రతి ప్రశ్న ఒక చిన్న ప్రోగ్రామ్. పిల్లవాడు పేజీ తెరిచిన ప్రతిసారీ, జవాబు పంపిన ప్రతిసారీ సర్వర్ ఆ ప్రోగ్రామ్‌ను మొదటి నుంచి నడిపి, అతని అంకెలతో ప్రశ్న తయారుచేసి, జవాబు సరిచూసి పంపిస్తుంది. అంటే ఇది మామూలు వెబ్‌సైట్‌లా సిద్ధంగా ఉన్న పేజీని అందించే వ్యవహారం కాదు. ప్రతి నొక్కుకూ ప్రాసెసర్ పని చేయాలి.

మూడు వందల మందికీ ఆదివారం రాత్రి 11:59 గడువు పెట్టారనుకుందాం. ఆఖరి గంటలో రెండు వందల మంది ఉంటారనుకోండి. ఒక్కొక్కరు సగటున 40 సెకన్లకు ఒకసారి బటన్ నొక్కితే సెకనుకు 5 నొక్కులు. ఒక్కో నొక్కుకు అర సెకను నుంచి సెకను దాకా ప్రాసెసర్ పని పడుతుందనుకుంటే, రెండున్నర నుంచి ఐదు కోర్లు పూర్తిగా నిండిపోతాయి. 4 కోర్ల సర్వర్ అంచుమీద ఉన్నట్టు. ఇప్పుడు ఇంకో పని చేయండి. మొదటి సంవత్సరానికి ఆదివారం, రెండో సంవత్సరానికి మంగళవారం గడువు పెట్టండి. బరువు సగానికి పడిపోతుంది, అదే సర్వర్ హాయిగా మోస్తుంది. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా సర్వర్‌ను రెట్టింపు చేసుకున్నట్టే. నేను ఏ కాలేజీకి సలహా చెప్పినా మొదట అడిగేది గడువుల టైంటేబులే, ఆ తర్వాతే ర్యామ్ ఎంత అని.

ర్యామ్ లెక్క వేరు. వెబ్‌వర్క్ 2.18 నుంచి అపాచీ మాడ్‌పెర్ల్ అనే పాత వెబ్ సర్వర్ పద్ధతి వదిలేసి మోజోలీషియస్ అనే కొత్తదానికి మారింది. అందులోని హిప్నోటోడ్ అనే సర్వర్ వర్కర్లు అనే కొన్ని ప్రాసెస్‌లను నడుపుతుంది, ఒక్కో వర్కర్ ఒకసారికి ఒక విద్యార్థి పనే చూస్తుంది. ఒక్కో వర్కర్ 200 ఎంబీ తింటుందని లెక్క వేసుకోండి. 8 జీబీలో ఉబుంటుకు, మార్కులు దాచే డేటాబేస్ మరియాడీబీకి కలిపి 2 జీబీ పక్కన పెడితే మిగిలిన 6 జీబీలో 30 వర్కర్లు పడతాయి. పడతాయి కదా అని 30 పెట్టేయకండి. నాలుగు కోర్లే ఉన్నప్పుడు పన్నెండు పదిహేను వర్కర్లు దాటితే వేగం పెరగదు, మెమరీ మాత్రం కరుగుతుంది. పదిహేనుతో మొదలుపెట్టండి. 1 జీబీ సర్వర్‌లో మూడు వర్కర్లు నడవడమే కష్టం, ఇక మూడు వందల మంది మాట ఎక్కడిది?

ఈ లెక్క తప్పితే ఏం జరుగుతుందో దగ్గరగా చూపిస్తాను. రాత్రి 11:40. సర్వర్ మీద భారం చూపే హెచ్‌టాప్ తెరిచి చూస్తుంటారు. నాలుగు కోర్ల గీతలూ చివరిదాకా నిండి కదలవు. కింద మెమరీ గీత నిండి, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్కు మీద వాడే చోటు) గీత మెల్లగా ఎక్కుతుంటుంది. అటువైపు పిల్లవాడి సెల్లో తెల్ల పేజీ తిరుగుతూ ఉంటుంది. టెన్షన్‌లో రిఫ్రెష్ కొడతాడు. అతను రిఫ్రెష్ కొట్టినా పాత పని సర్వర్‌లో ఆగదు, దాని పక్కన కొత్త పని ఒకటి చేరుతుంది. వందమంది రెండేసిసార్లు కొట్టేసరికి వరస చాంతాడంత అవుతుంది. ఇక మెమరీ పూర్తిగా అయిపోయాక లైనక్స్ కెర్నల్ తనంతట తానే ఎక్కువ మెమరీ తింటున్న ప్రాసెస్‌ను చంపేస్తుంది. చాలాసార్లు ఆ దెబ్బ మరియాడీబీకే తగులుతుంది. అప్పుడు పిల్లలకు ఎర్రర్ పేజీయే కనిపిస్తుంది, వాట్సాప్ గ్రూపులో ‘సార్, సైట్ ఓపెన్ అవట్లేదు’ అని వరసగా మెసేజులు మొదలవుతాయి. ఆ పిల్లల తప్పేం లేదు. రాత్రి పదకొండున్నర దాకా కూర్చుని లెక్కలు చేసినవాడికి, ఆ చేసినది సర్వర్ పుచ్చుకోకపోతే, మళ్లీ వారం అతను కూర్చోడు. అందుకే ఈ సంగతి ఇంత పొడుగ్గా చెబుతున్నాను. స్వాప్ ఒక 2 జీబీ పెట్టుకోండి, కానీ అది కాసేపు ఊపిరి తీసుకోవడానికే తప్ప ర్యామ్‌కు బదులు కాదు.

గడువు దాటాక తగ్గించిన మార్కులతో కొన్ని రోజులు తీసుకునే ఏర్పాటు వెబ్‌వర్క్‌లోనే ఉంది. మూడు రోజుల దాకా, సగం మార్కులతో అని పెట్టండి. అలా ఉంటే పదకొండు యాభై ఎనిమిదికి ఎవరూ కంగారుపడరు, సర్వర్ మీద తోపులాట కూడా తగ్గుతుంది. ఎన్నిసార్లయినా ప్రయత్నించనివ్వండి, సంఖ్య కట్టేయకండి. తప్పని వెంటనే తెలిసి, మళ్లీ ఆలోచించి, నాలుగోసారికి సరిచేసుకునే అవకాశమే ఈ సాఫ్ట్‌వేర్ మన పిల్లలకు ఇచ్చే అసలు మేలు. కాగితం దిద్ది ఇచ్చేసరికి వారం గడిచిపోతుంది, ఆ లెక్క ఎందుకు అలా చేశాడో వాడికే గుర్తుండదు.

ఇక ఇన్‌స్టాల్. వెబ్‌వర్క్ వికీలో మీరు ఎంచుకున్న వెర్షన్‌కు రాసిన సూచనలు ఉంటాయి. అవి ఏ ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువ ఏళ్లు అప్‌డేట్లు వచ్చే వెర్షన్) వాడమంటే అదే వాడండి, కొత్తది వచ్చింది కదా అని ముందుకు దూకొద్దు. సర్వర్ ఎడిషన్ చాలు, డెస్క్‌టాప్ బొమ్మలు అక్కర్లేదు. పెర్ల్ మాడ్యూళ్లు, మరియాడీబీ, గిట్, నోడ్, టెక్స్‌లైవ్ (పీడీఎఫ్‌లు తయారుచేసేది), తర్వాత వెబ్‌వర్క్, పీజీ (ప్రశ్నలను నడిపే భాగం), ఓపీఎల్ అనే ప్రశ్నల గ్రంథాలయం, ఈ వరసలో వెళ్తుంది. ఒక్కో ఆదేశం ఏం చేస్తుందో చదివి అర్థం చేసుకుని కొట్టండి. ముందు మీ ల్యాబ్ డెస్క్‌టాప్ మీద పూర్తిగా ఒకసారి చేయండి. ఏదో పాడవుతుంది, చెరిపి మళ్లీ చేయండి. రెండోసారి చేసేటప్పుడే అసలు సంగతి తెలుస్తుంది.

కొత్తవాళ్లు ఆగిపోయేది దాదాపు ఎప్పుడూ ఒకే చోట్ల. ఏదో ఒక పెర్ల్ మాడ్యూల్ లేకపోవడం, దానికి వెబ్‌వర్క్‌తో పాటే వచ్చే చెక్ మాడ్యూల్స్ అనే స్క్రిప్టు నడిపితే ఏది లేదో పేరుతో సహా చెబుతుంది. ఫోల్డర్ల అనుమతులు సరిగా లేకపోవడం, అంటే కోర్సులు, లాగులు, తాత్కాలిక ఫైళ్ల ఫోల్డర్లలో వెబ్ సర్వర్ యూజర్ రాయలేకపోవడం. అది అర్థంకాని ఎర్రర్లుగా బయటపడుతుంది, బొమ్మలు రావు, పీడీఎఫ్ రాదు. ప్రశ్నల గ్రంథాలయం డౌన్‌లోడ్ అయినా లైబ్రరీ బ్రౌజర్‌లో ఖాళీగా కనిపించడం, దానికి ఓపీఎల్ అప్‌డేట్ స్క్రిప్టు ఒకసారి నడపాలి. కాస్త సేపు పడుతుంది, మధ్యలో ఆపకండి.

అందరూ మర్చిపోయేది టైం జోన్. వెబ్‌వర్క్ కాన్ఫిగ్ ఫైల్‌లో మొదట ఉండేది న్యూయార్క్ టైం. దాన్ని ఏషియా/కోల్‌కతా అని మార్చకపోతే, మీరు ఆదివారం రాత్రి 11:59 అని పెట్టిన గడువు మనకు సోమవారం ఉదయం 9:29కి ముగుస్తుంది, చలికాలంలో అయితే 10:29కి. మీరు సోమవారం పొద్దున మొదటి పీరియడ్‌లో జవాబులు బోర్డు మీద రాస్తుంటే, వెనక బెంచీలో సెల్లో ఎక్కించుకుంటారు. ఉబుంటు గడియారం, కోర్సు సెట్టింగులు కూడా ఒకసారి సరిచూసుకోండి.

భద్రత గురించి తక్కువలోనే చెబుతాను, కానీ ఏదీ వదలొద్దు. పబ్లిక్ ఐపీతో సర్వర్ లేచిన కాసేపటికే ఎవరెవరో రూట్ పాస్‌వర్డ్ ఊహిస్తూ తలుపు కొడుతుంటారు, లాగ్ తెరిచి చూడండి, ఆశ్చర్యపోతారు. ఎస్ఎస్‌హెచ్‌కు (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారికి) కీ పెట్టుకుని పాస్‌వర్డ్ లాగిన్ మూసేయండి. ఫైర్‌వాల్‌లో 22, 80, 443 పోర్టులు తప్ప ఏదీ తెరవకండి. మరియాడీబీ లోపలి అడ్రసు మీద మాత్రమే వినాలి. భద్రతా అప్‌డేట్లు వాటంతటవే పడేలా పెట్టండి. ముందు ఎంజినెక్స్ అనే వెబ్ సర్వర్, దాని వెనక హిప్నోటోడ్ ఉంచండి. సైట్‌ను హెచ్‌టీటీపీఎస్‌తో భద్రంగా నడిపే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితం, దాని గడువు ముగిసేలోపు దానంతట అదే కొత్తదయ్యేలా పెట్టుకోవచ్చు. అది ఆగిపోతే గడువు దగ్గరపడుతోందని ఇదివరకు మెయిల్ వచ్చేది, 2025 జూన్ నుంచి ఆ మెయిళ్లు ఆపేశారు. కాబట్టి రోజూ సైట్‌ను తట్టి చూసి మీ ఫోన్‌కు కబురు చెప్పే ఉచిత సేవ ఏదో ఒకటి పెట్టుకోండి. సర్వర్ నుంచి మెయిళ్లు పోవడం లేదని తల బద్దలు కొట్టుకోకండి. చాలా కంపెనీలు 25వ పోర్టును మూసే ఉంచుతాయి. కాలేజీ మెయిల్ ఖాతా ద్వారా వేరే పోర్టు నుంచి పంపుకోవాలి.

పాస్‌వర్డ్‌ల విషయంలో మన కాలేజీల్లో జరిగేది వేరు. క్లాసు జాబితాను ఫైల్‌గా ఎక్కించేటప్పుడు పాస్‌వర్డ్ గడి ఖాళీగా వదిలేస్తే, విద్యార్థి ఐడీయే పాస్‌వర్డ్ అయిపోతుంది. మనవాళ్లు ఐడీగా హాల్‌టికెట్ నంబరు పెడతారు. క్లాసులో ఎవరి నంబరు ఎంతో అందరికీ నోటికి వచ్చు. ఇంకేముంది, స్నేహితుడి తరఫున లాగిన్ అయి చేసి పెట్టేస్తారు, గిట్టనివాడి పాస్‌వర్డ్ మార్చేస్తారు. ఎక్సెల్‌లోనే ఒక్కొక్కరికి వేరే పాస్‌వర్డ్ తయారుచేసి, చీటీలు కత్తిరించి చేతికి ఇవ్వండి. ఫోన్ నంబర్లు, ఆధార్, కులం, అడ్రసు ఏవీ ఎక్కించకండి. పేరు, నంబరు, సెక్షన్ ఉంటే హోంవర్క్ జరిగిపోతుంది. సర్వర్‌లో లేని సమాచారం ఎవరూ దొంగిలించలేరు. మీ సొంత ఖాతాకు మాత్రం కొత్త వెర్షన్లలో ఉన్న రెండంచెల లాగిన్ తప్పక పెట్టుకోండి.

ఇప్పుడు ప్రశ్నల గురించి. గ్రంథాలయంలో ముప్పై వేలకు పైగా ప్రశ్నలున్నాయి. వర్గ సమీకరణాల నుంచి అవకలన సమీకరణాలు, లీనియర్ ఆల్జీబ్రా దాకా దొరుకుతాయి. ఒకడికి మూలాలు 3, 4 వచ్చే సమీకరణం పడితే పక్కవాడికి 3, 8 వచ్చేది పడుతుంది. చూసి ఎక్కించడం కుదరదు, పద్ధతి అడిగి తెలుసుకోవాలి. అలా అడిగి తెలుసుకోవడాన్ని మనం ప్రోత్సహించాలి కూడా. అర అని రాయాల్సిన చోట భిన్నంగా రాసినా, దశాంశంగా రాసినా సర్వర్ ఒప్పుకుంటుంది. సెల్లో ఘాతాలు, భిన్నాలు టైప్ చేయడం కష్టం కాబట్టి సమీకరణాల ఎడిటర్ ఆన్ చేసి పెట్టండి.

కానీ ఈ ప్రశ్నలు అమెరికా పిల్లల కోసం రాసినవి. నిచ్చెన అడుగుల్లో ఉంటుంది, కారు మైళ్లలో పోతుంది, ధర డాలర్లలో, వేడి ఫారెన్‌హీట్‌లో. మన రాష్ట్రంలో 2021-22 నుంచి డిగ్రీ ఇంగ్లీషు మీడియానికి మారింది, ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చినవాడు లెక్క రాక కాదు, ప్రశ్న అర్థంకాక ఆగిపోతాడు. దీనికి మందు మీ చేతిలోనే ఉంది. వెబ్‌వర్క్‌లో ప్రశ్నను ఎడిటర్‌లో తెరిచి మార్చి సేవ్ చేస్తే మీ కోర్సులోనే సొంత కాపీగా ఉండిపోతుంది, అసలుది చెడదు. మైళ్లు తీసి కిలోమీటర్లు పెట్టండి, డాలర్ల బట్టల కొట్టు తీసి పొందూరు ఖద్దరు, పలాస జీడిపప్పు పెట్టండి. ప్రశ్న కింద తెలుగులో ఒక్క వాక్యం సూచన రాయండి. 2.15 నుంచి యూనికోడ్ బాగా పనిచేస్తోంది, డేటాబేస్ సృష్టించేటప్పుడే అక్షరాల పద్ధతి యూటీఎఫ్8ఎంబీ4 అని ఇవ్వడం మాత్రం మర్చిపోకండి. ఆ తెలుగు వాక్యం తెర మీద మాత్రమే కనిపించేలా రాయండి. పీడీఎఫ్‌లో తెలుగు ఫాంటు ఏర్పాటు చేయకపోతే అక్షరాలు సరిగా రావు. ఆ ఏర్పాటు తర్వాత నింపాదిగా చేసుకోవచ్చు. వారానికి పది ప్రశ్నలు ఇలా మార్చుకుంటూ పోతే సంవత్సరం తిరిగేసరికి మీ దగ్గర తయారయ్యేది ఇంకెవరి దగ్గరా ఉండదు. నన్నడిగితే సర్వర్ కంటే మీ సమయం దీనిమీద పెట్టడం మేలు.

పీడీఎఫ్ అన్నాను కదా, అది మన ప్రాంతానికి చాలా పనికొచ్చేది. మీ దగ్గరికి కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు నుంచి వచ్చే పిల్లలు ఉంటారు. ఊరికి వెళ్తే సిగ్నల్ కోసం ఎక్కడికో నడవాలి. వెబ్‌వర్క్ హార్డ్‌కాపీ అనే సౌకర్యంతో ప్రతి విద్యార్థికీ అతని అంకెలతోనే పీడీఎఫ్ వస్తుంది. శుక్రవారం కాలేజీలో దించుకుని, శని ఆదివారాలు ఇంటి దగ్గర కాగితం మీద చేసుకుని, సోమవారం కాలేజీకి వచ్చి జవాబులు మాత్రం ఎక్కిస్తే చాలు. ఇందుకోసం గడువును ఆదివారం నుంచి సోమవారం సాయంత్రానికి మార్చినా తప్పులేదు. విద్యార్థికి విడిగా గడువు ఇచ్చే వీలు కూడా ఉంది. టెక్స్‌లైవ్ చాలా జీబీలు తింటుందని దాన్ని వదిలేయమంటారు కొందరు. వదలకండి, ఈ పిల్లల కోసమైనా ఎక్కించండి. పూర్తిగా హాస్టల్‌లోనే ఉండే గిరిజన కాలేజీ అయితే, బయటి ఇంటర్నెట్ సరిగా లేని చోట, క్యాంపస్ వైఫై మీదే నడిచే లోపలి సర్వర్ పెట్టడం సబబు. మీది ఆ పరిస్థితి కాదు కాబట్టి అద్దె సర్వర్ అంటున్నాను.

బ్యాకప్ గురించి మొహమాటం లేకుండా చెబుతాను. వీపీఎస్ కంపెనీ ఇచ్చే స్నాప్‌షాట్ (మొత్తం సర్వర్ నకలు) ఒక్కదాన్నే నమ్ముకోకండి. ఖాతా బిల్లు కట్టడం మర్చిపోతే సర్వర్‌తో పాటు స్నాప్‌షాట్ కూడా పోవచ్చు. రోజూ తెల్లవారుజామున మూడింటికి డేటాబేస్ డంప్ (పూర్తి కాపీ), కోర్సుల ఫోల్డర్, కాన్ఫిగ్ ఫైళ్లు కలిపి ఒక కట్ట చేసి, అది వేరే చోటికి వెళ్లేలా క్రాన్ (చెప్పిన టైంకు పని నడిపే ఏర్పాటు) పెట్టండి. ఆ వేరే చోటు మీ ల్యాబ్ డెస్క్‌టాప్ కావచ్చు. పగలు ఆన్ చేసినప్పుడు అది సర్వర్ నుంచి కొత్త కట్టలు లాక్కుంటుంది. డంప్ తీసేటప్పుడు సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ ఇవ్వండి, పిల్లలు పనిచేస్తున్నా కాపీ పొందికగా వస్తుంది. ప్రశ్నల గ్రంథాలయం బ్యాకప్ అక్కర్లేదు, మళ్లీ దించుకోవచ్చు. సెమిస్టర్ ముగిశాక ఒక్కో కోర్సును అడ్మిన్ పేజీ నుంచి ఆర్కైవ్ చేస్తే డేటాబేస్‌తో సహా ఒకే ఫైల్ వస్తుంది, దాన్ని డీవీడీ మీదో పెన్‌డ్రైవ్ మీదో ఆఫీసులో కూడా దాచండి.

తీసిన బ్యాకప్‌ను తిరిగి ఎక్కించి చూడనంత వరకు అది ఉందో లేదో తెలియదు. ఆ డెస్క్‌టాప్ అసలు ఉద్యోగం ఇదే. సెమిస్టర్‌కు ఒకసారి దానిమీద నిన్నటి కట్ట విప్పి, ఒక విద్యార్థి మార్కులు తెరిచి, అసలు సర్వర్‌లో ఉన్నవాటితో పోల్చండి. కొత్త వెర్షన్‌కు మారాలన్నా ముందు దానిమీదే మార్చి చూడండి. అసలు సర్వర్‌ను మాత్రం వేసవి సెలవుల్లో తప్ప మార్చకండి, సెమిస్టర్ మధ్యలో ఎంత ఆశపెట్టే కొత్త సౌకర్యం వచ్చినా సరే. మార్చాక అడ్మిన్ పేజీలో కోర్సుల అప్‌గ్రేడ్ నొక్కాలి, లేకపోతే పాత కోర్సులు తెరుచుకోకపోవచ్చు.

ఇంకొక్కటి. సర్వర్, డొమైన్ మీ సొంత పేరున, మీ సొంత కార్డు మీద తీసుకోకండి. రేపు మీకు బదిలీ వస్తే కాలేజీ చేతిలో ఏమీ ఉండదు. కాలేజీకి ఇప్పటికే సైట్ ఉంటే దాని కింద ఒక సబ్‌డొమైన్ అడగండి, అదే తేలిక. విద్యాసంస్థలకు ఇచ్చే డాట్ ఏసీ డాట్ ఇన్ పేర్లు ఎర్నెట్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ ఇస్తుంది, అది ప్రిన్సిపాల్ గారి సంతకంతో అయ్యే పని. కీలు, పాస్‌వర్డ్‌లు, బ్యాకప్ ఎక్కడుందో, సర్వర్ పడిపోతే మొదట ఏం చూడాలో నాలుగు పేజీల్లో తెలుగులోనే రాసి సీలు కవరులో ఆఫీసులో పెట్టించండి. కంప్యూటర్ సైన్స్ లెక్చరర్ ఒకరిని మొదటి నుంచీ పక్కన కూర్చోబెట్టుకోండి. ఫైనల్ ఇయర్ పిల్లల్లో లైనక్స్ మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఇద్దరు దొరికినా మంచిదే, కానీ మార్కులు మార్చగలిగే అనుమతి వాళ్లకు ఇవ్వొద్దు. డెస్క్‌టాప్ మీద నేర్చుకోనివ్వండి.

మొదలుపెట్టేటప్పుడు మూడు వందల మందినీ ఒకేసారి ఎక్కించకండి. ఒక్క సెక్షన్‌తో, మార్కులు లేని ఒక హోంవర్క్‌తో మొదటి వారం నడపండి. గడువు రాత్రి పదిన్నర నుంచి పన్నెండు దాకా సర్వర్‌లో లాగిన్ అయి కూర్చుని, పది నిమిషాలకు ఒకసారి మెమరీ ఎంత ఖాళీ ఉందో, లోడ్ ఎంతుందో, ఒక్కో వర్కర్ ఎంత తింటోందో రాసుకోండి. మీ ప్రశ్నలను బట్టి నేను చెప్పిన 200 ఎంబీ, అర సెకను ఎక్కువో తక్కువో కావచ్చు. ఆ అంకెలు, ఏ వెర్షన్ ఎక్కించారో, సెక్షన్‌లో ఎంతమందో ఇక్కడ రాయండి. వర్కర్లు ఎన్ని పెట్టాలో, మిగతా సెక్షన్లకు ఏ రోజు గడువు ఇస్తే బాగుంటుందో అప్పుడు కూర్చుని లెక్క వేద్దాం.